లూపస్ ఉన్న అబ్బాయిలు, సంతాన సామర్థ్యం: మందు మొదలుకాకముందే మాట్లాడాల్సిన విషయం

## క్లుప్తంగా

లూపస్ వచ్చిన అబ్బాయికి పెద్దయ్యాక పిల్లలు పుట్టరని అనుకోవాల్సిన పనిలేదు. సంతాన సామర్థ్యానికి పెద్ద ముప్పు జబ్బు నుంచి కాదు, కిడ్నీలను కాపాడేందుకు ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు నుంచి వస్తుంది. ఆ మందు మొత్తం ఎంత పడింది, ఏ వయసులో పడింది అన్నదాన్ని బట్టి నష్టం మారుతుంది. ఆ మందు తప్పనప్పుడు యుక్తవయసు మొదలైన అబ్బాయికి నమ్మదగిన రక్షణ ఒక్కటే: మొదటి డోసుకు ముందే వీర్యాన్ని నిల్వ చేయించడం. ఆ అవకాశం కొన్ని రోజులే ఉంటుంది. ఆ కొన్ని రోజుల్లో ఈ మాట ఎవరూ ఎత్తకపోవడమే పెద్ద లోపం.

## ఆడవాళ్ల జబ్బన్న ముద్ర

శరీర రక్షణ వ్యవస్థ సొంత కణాలపైనే తిరగబడితే వచ్చే జబ్బుల్లో లూపస్ ఒకటి. చర్మం, కీళ్లు, రక్తం, కిడ్నీలు, మెదడు, ఇలా దేన్నైనా తాకుతుంది. సంతానం పొందే వయసులో ఉన్నవాళ్లను తీసుకుంటే దాదాపు తొమ్మిది మంది స్త్రీలకు ఒక పురుషుడికి ఈ జబ్బు కనిపిస్తుంది. దాంతో లూపస్‌లో సంతానం గురించిన చర్చంతా గర్భం, గర్భస్రావం, గర్భనిరోధక మాత్రల చుట్టూనే తిరిగింది. కీళ్ల జబ్బులు, లూపస్ లాంటివి చూసే రుమటాలజీ వైద్యుల యూరప్ సంఘాల వేదిక యూలార్ 2017లో ఇచ్చిన సిఫార్సులు కూడా లూపస్ ఉన్న స్త్రీల ఆరోగ్యం గురించే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2020లో తెచ్చిన మార్గదర్శకాల్లో మాత్రం మగవాళ్లకు ఏ మందు వాడొచ్చు, ఏది ఆపాలి అన్నది విడిగా చెప్పారు.

యుక్తవయసు రాకముందు ఆడ, మగ తేడా ఇంతగా ఉండదు. మొత్తం లూపస్ రోగుల్లో 10 నుంచి 20 శాతం మందికి జబ్బు 18 ఏళ్లలోపే మొదలవుతుంది. వాళ్లలో అబ్బాయిల వాటా పెద్దల్లో కంటే ఎక్కువ. పైగా చిన్నవయసులో వచ్చే లూపస్ ఉధృతంగా ఉంటుంది. కిడ్నీలు దెబ్బతినే లూపస్ నెఫ్రైటిస్ ఈ పిల్లల్లో సగం మందిలోనో, అంతకంటే ఎక్కువ మందిలోనో వస్తుంది. అంటే బలమైన మందులు వీళ్లకే ఎక్కువగా అవసరమవుతాయి, అదీ శరీరం ఎదుగుతున్న వయసులో.

మరో తేడా ఈ సమస్యను ఏళ్ల తరబడి కనిపించకుండా చేస్తోంది. మందు వల్ల అమ్మాయి అండాశయాలు దెబ్బతింటే నెలసరి తప్పుతుంది. ఇంట్లో తెలుస్తుంది, డాక్టర్ దగ్గర ప్రస్తావన వస్తుంది. అబ్బాయిలో అలాంటి సూచన ఏదీ ఉండదు. మీసం వస్తుంది, గొంతు మారుతుంది, లైంగిక కోరికలూ మామూలుగానే ఉంటాయి. వీర్యంలో కణాలు ఒక్కటీ లేకపోయినా పైకి ఏమీ తెలియదు. పెళ్లయి రెండు మూడేళ్లు గడిచి పరీక్ష చేయించుకున్నప్పుడు, పదిహేనేళ్ల వయసులో పడిన మందు సంగతి బయటికొస్తుంది.

## వృషణంలో ఏం జరుగుతుంది

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే వృషణం చేసే రెండు పనుల్ని విడివిడిగా చూడాలి. ఒకటి వీర్యకణాల తయారీ. ఇది సన్నని నాళాల లోపల జరుగుతుంది. అక్కడ మూలకణాలు ఎప్పటికప్పుడు విభజన చెందుతూ కొత్త కణాలను పుట్టిస్తుంటాయి. వాటిని పోషించేవి సెర్టోలి కణాలు. ఒక వీర్యకణం పూర్తిగా తయారవడానికి 74 రోజుల దాకా పడుతుంది. అది బయటికి వచ్చే దారిలో పరిపక్వం కావడానికి మరికొన్ని రోజులు. మొత్తం మీద దాదాపు మూడు నెలలు. రెండో పని టెస్టోస్టెరాన్ హార్మోన్ తయారీ. ఇది నాళాల మధ్య ఉండే లేడిగ్ కణాల బాధ్యత.

సైక్లోఫాస్ఫమైడ్ కణాల డీఎన్ఏకు అతుక్కుని విభజనను అడ్డుకుంటుంది. లూపస్‌లో అదుపు తప్పిన రక్షణ కణాలను అది అలాగే అణచివేస్తుంది. కానీ వేగంగా విభజన చెందే కణాలు ఎక్కడున్నా వాటినీ వదలదు. వృషణంలో వీర్యకణాలను పుట్టించే కణాలు అలాంటివే. లేడిగ్ కణాలు అంతగా విభజన చెందవు కాబట్టి చాలావరకు తట్టుకుంటాయి. అందుకే టెస్టోస్టెరాన్ ఉంటుంది, వీర్యకణాలు ఉండవు.

నష్టం తాత్కాలికమా, శాశ్వతమా అన్నది ఏ కణాలు పోయాయన్నదాన్ని బట్టి ఉంటుంది. పొలంలో ఉన్న పంట పాడైతే మళ్లీ విత్తుకోవచ్చు, గాదెలోని విత్తనాలే పాడైతే తర్వాతి పంట ఉండదు. అలాగే తయారవుతున్న కణాలు మాత్రమే పోతే మందు ఆపాక కొన్ని నెలలకో, ఒకటి రెండేళ్లకో వీర్యకణాలు మళ్లీ కనిపిస్తాయి. మూలకణాలే పోతే తిరిగిరావు. మోతాదు పెరిగేకొద్దీ మూలకణాలు పోయే అవకాశం పెరుగుతుంది.

లోపలి ఈ నష్టం రక్త పరీక్షలో కొంత కనిపిస్తుంది. సెర్టోలి కణాలు ఇన్హిబిన్ బి అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి దాన్ని చూసి, వీర్యకణాల తయారీని ప్రేరేపించే ఎఫ్ఎస్‌హెచ్ హార్మోన్‌ను తగ్గిస్తుంటుంది. నాళాలు దెబ్బతింటే ఇన్హిబిన్ బి పడిపోతుంది, ఎఫ్ఎస్‌హెచ్ పెరుగుతుంది. యుక్తవయసు వచ్చిన అబ్బాయిలో ఎఫ్ఎస్‌హెచ్ ఎక్కువగా ఉంటే, టెస్టోస్టెరాన్ బాగానే ఉన్నా సరే, వీర్య పరీక్ష చేయించాల్సిందే.

## గ్రాముల లెక్క

సైక్లోఫాస్ఫమైడ్ అంటే అందరికీ ఒకే ప్రమాదం కాదు. ఒకే మందు, ఒకే పేరు. కానీ ఇచ్చే పద్ధతిని బట్టి మొత్తం మోతాదులో నాలుగైదు రెట్ల తేడా వస్తుంది.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధనల నుంచి 1980ల్లో వచ్చిన పద్ధతిలో శరీర ఉపరితల వైశాల్యాన్ని లెక్కలోకి తీసుకుంటారు. చదరపు మీటరుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము చొప్పున నెలకోసారి, ఆరు నెలలు సెలైన్‌లో ఎక్కిస్తారు. మధ్యస్థంగా 0.75 గ్రాములు అనుకుంటే ఆరు డోసులకు చదరపు మీటరుకు 4.5 గ్రాములవుతుంది. పాత పద్ధతిలో ఆ తర్వాత కూడా మూడు నెలలకోసారి రెండేళ్లు కొనసాగించేవారు. అప్పుడు మొత్తం చదరపు మీటరుకు 10 గ్రాములు దాటుతుంది. 2002లో ఫలితాలు వెలువడిన యూరో లూపస్ పద్ధతి వేరు. రెండు వారాలకోసారి 500 మిల్లీగ్రాములు, ఆరు డోసులు, మొత్తం 3 గ్రాములు. ఒంటి వైశాల్యం ఒకటిన్నర చదరపు మీటర్లు ఉన్న అబ్బాయికి ఇది చదరపు మీటరుకు 2 గ్రాములే.

ఈ అంకెల్ని దేనితో పోల్చాలి? బాల్యంలో క్యాన్సర్ చికిత్స పొంది పెద్దవాళ్లైన పురుషులపై అమెరికాలోని సెయింట్ జూడ్ పిల్లల ఆస్పత్రి పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఈ తరహా మందుల మొత్తం మోతాదు, సైక్లోఫాస్ఫమైడ్ లెక్కలో చదరపు మీటరుకు 4 గ్రాముల లోపు ఉన్నప్పుడు వీర్యకణాల తయారీ దెబ్బతినే అవకాశం తక్కువని అందులో తేలింది. అంతకు ముందు అధ్యయనాల్లో 7.5 గ్రాములు దాటినవాళ్లలో శాశ్వత నష్టం ఎక్కువగా కనిపించింది. ఈ రెండు అంకెల మధ్య ఏదీ తేల్చి చెప్పలేని పెద్ద ఖాళీ ఉంది. ఎక్కువ మోతాదు పడ్డా కొందరికి వీర్యకణాలు మిగిలాయి, తక్కువకే కొందరికి పోయాయి. పైగా ఇది క్యాన్సర్ పిల్లల నుంచి వచ్చిన లెక్క. లూపస్‌లో జబ్బు ప్రభావం, స్టెరాయిడ్లు, కిడ్నీ బలహీనత తోడవుతాయి. కాబట్టి 4 గ్రాముల్ని భద్రతకు హామీగా తీసుకోకూడదు, ప్రమాదాన్ని అంచనా వేసే కొలతగానే చూడాలి.

తక్కువ మోతాదు మన దేశంలోని రోగులకు సరిపోతుందా అన్న ప్రశ్న చాలాకాలం ఉంది. చండీగఢ్ పీజీఐ వైద్యులు 100 మంది రోగులపై చేసి 2016లో ప్రచురించిన పరీక్షలో, మరీ ఉధృతంగా లేని లూపస్ నెఫ్రైటిస్‌కు ఈ తక్కువ మోతాదు పద్ధతి, రక్షణ వ్యవస్థను అణచే మైకోఫినోలేట్ మాత్రలతో సమానంగా పనిచేసింది. కిడ్నీ వ్యాధుల అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే కేడీగో కూడా 2024లో మొదటి విడత చికిత్సకు చెప్పిన మార్గాల్లో మైకోఫినోలేట్‌ను, తక్కువ మోతాదు సైక్లోఫాస్ఫమైడ్‌ను చేర్చింది. అంటే సంతాన సామర్థ్యాన్ని కాపాడే దారిలో మొదటి అడుగు స్పెర్మ్ బ్యాంక్ కాదు, మందు ఎంపిక. పెద్ద మోతాదు తప్పనిసరా, మైకోఫినోలేట్‌తో సరిపోతుందా అని అడిగే హక్కు కుటుంబానికి ఉంది.

అయితే ఈ ఎంపికకు మరో కోణం ఉంది. మైకోఫినోలేట్ రోజూ రెండు పూటలా, నెలల తరబడి వేసుకోవాలి. టీనేజీ పిల్లలు మాత్రలు మానేయడం అరుదేమీ కాదు. ముఖం ఉబ్బిందనో, స్నేహితులకు తెలుస్తుందనో, విసుగొచ్చో ఆపేస్తారు. మాత్రలు సరిగ్గా వేసుకోరన్న అనుమానం ఉన్నప్పుడు సెలైన్‌లో ఎక్కించే సైక్లోఫాస్ఫమైడే మేలని వైద్యులు అనుకోవడానికి కారణం అదే. ఖర్చు కూడా ఒక కారణం, ఎందుకంటే సైక్లోఫాస్ఫమైడ్ చవకైన మందు. మెదడుకు పాకిన లూపస్‌లోనూ, కిడ్నీలు వేగంగా దెబ్బతింటున్నప్పుడూ అది ప్రాణాన్ని, అవయవాన్ని నిలబెడుతుంది. పిల్లలు పుట్టరేమో అన్న భయంతో దాన్ని తిరస్కరించడం సంతానానికి కూడా మేలు చేయదు. కిడ్నీలు విఫలమైతే టెస్టోస్టెరాన్, వీర్యకణాలు రెండూ తగ్గుతాయి, లైంగిక సామర్థ్యమూ తగ్గుతుంది.

## సావో పౌలో నుంచి వచ్చిన ఆధారాలు

లూపస్ ఉన్న మగవాళ్ల వృషణాల పనితీరుపై ప్రపంచంలో జరిగిన పరిశోధన తక్కువ. ఉన్నదాంట్లో ముఖ్యమైనది చాలావరకు బ్రెజిల్‌లోని సావో పౌలో విశ్వవిద్యాలయం నుంచే వచ్చింది. అక్కడి పిల్లల రుమటాలజీ, పెద్దల రుమటాలజీ, పురుషుల సంతాన వైద్య విభాగాలు కలిసి పనిచేయడం దీనికి కారణం. మన దగ్గర ఈ మూడు విభాగాలు ఒకే రోగి గురించి కూర్చుని మాట్లాడుకోవడం అరుదు.

2007లో ప్రచురించిన అధ్యయనంలో వాళ్లు లూపస్ ఉన్న 35 మంది పురుషులను, అంతే సంఖ్యలో ఆరోగ్యవంతులతో పోల్చారు. లూపస్ ఉన్నవాళ్లలో వృషణాల పరిమాణం, వీర్యకణాల సంఖ్య, కదలిక తక్కువగా కనిపించాయి. తీవ్రమైన నష్టానికి ప్రధాన కారణంగా తేలింది యుక్తవయసు వచ్చాక సెలైన్‌లో ఎక్కించిన సైక్లోఫాస్ఫమైడ్. తర్వాత అదే బృందం ఇన్హిబిన్ బి స్థాయిలనూ పరిశీలించింది. నాళాల్లోని నష్టానికి అది సూచికగా పనికొస్తుందని చూపింది.

యుక్తవయసు రాని పిల్లల్లో వృషణాలు నిద్రాణంగా ఉంటాయి కాబట్టి మందు ఏమీ చేయదని ఒకప్పుడు అనుకునేవారు. అది సగం నిజం. వీర్యకణాల తయారీ మొదలుకాలేదు కాబట్టి నష్టం కొంత తక్కువగా ఉండొచ్చు. కానీ మూలకణాలు ఆ వయసులోనూ ఉంటాయి. పెద్ద మోతాదు వాటినీ దెబ్బతీస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఏమీ కాదులే అని వదిలేయడానికి వీల్లేదు.

## మిగతా మందులు

రోజువారీ వాడే మందుల్లో చాలావాటితో ఈ భయం లేదు. హైడ్రాక్సీక్లోరోక్విన్, అంటే చాలామంది హెచ్‌సీక్యూఎస్ అనే పేరుతో తెచ్చుకునే మాత్ర, లూపస్‌కు పునాది లాంటి మందు. పిల్లల కోసం ప్రయత్నించే మగవాళ్లు దాన్ని, అజాథయోప్రిన్‌ను కొనసాగించాలనే 2020 అమెరికన్ మార్గదర్శకాలు గట్టిగా చెప్పాయి. మెథోట్రెక్సేట్, మైకోఫినోలేట్, టాక్రోలిమస్ లాంటివి కూడా కొనసాగించవచ్చని, కాస్త తక్కువ బలమైన ఆధారంతో సిఫార్సు చేశాయి. మైకోఫినోలేట్ విషయంలో మాత్రం అన్ని సంస్థలదీ ఒకే మాట కాదు. మందు వాడుతున్నంత కాలం, ఆపాక మరో 90 రోజులు గర్భనిరోధక జాగ్రత్త పాటించాలని యూరప్ మందుల నియంత్రణ సంస్థ చెబుతోంది. పెళ్లైన యువకుడికి ఇది టెన్షన్ తెచ్చే విషయమే. ముందుగా చెబితే, పిల్లల కోసం ప్రయత్నించే సమయానికి డాక్టరు అజాథయోప్రిన్‌కు మార్చే వీలుంటుంది.

సైక్లోఫాస్ఫమైడ్ పడుతున్నప్పుడు, ఆ తర్వాత కనీసం మూడు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. ఆ కాలంలో వచ్చే వీర్యకణాలు తయారీ దశలో మందు తాకినవి కావడమే కారణం. చర్మ లూపస్‌కు అరుదుగా ఇచ్చే థాలిడోమైడ్ వీర్యంలోకి చేరుతుంది కాబట్టి దానిపై మరింత గట్టి నిషేధం ఉంది.

ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్లు పెద్ద మోతాదులో చాలాకాలం వాడితే టెస్టోస్టెరాన్ తగ్గవచ్చు. మోతాదు తగ్గితే కోలుకుంటుంది. డాక్టరుకు చెప్పకుండా వీటిని ఒక్కసారిగా ఆపేయడం మాత్రం ప్రాణం మీదకు తెచ్చే పని.

## ఎదుగుదల, లైంగిక ఆరోగ్యం

వీర్యకణాల లెక్క ఒక్కటే పునరుత్పత్తి ఆరోగ్యం కాదు. చురుగ్గా ఉన్న జబ్బు, స్టెరాయిడ్లు, కిడ్నీ బలహీనత కలిసి యుక్తవయసును ఆలస్యం చేస్తాయి. 14 ఏళ్లు నిండినా వృషణాల పరిమాణం 4 మిల్లీలీటర్లకు చేరకపోతే యుక్తవయసు ఆలస్యమైనట్టు లెక్క. దీన్ని కొలవడానికి పూసల దండ లాంటి చిన్న సాధనం చాలు, ఖర్చేమీ లేదు. అయినా లూపస్ క్లినిక్‌లో బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూసినంత మామూలుగా ఈ పరీక్ష జరగదు. అబ్బాయి సిగ్గుపడతాడు, తల్లిదండ్రులు అడగరు, డాక్టరుకు తీరిక ఉండదు.

పెద్దయ్యాక అంగస్తంభన సమస్యలు లూపస్ లేనివాళ్లలో కంటే వీళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి. దీనికి ఒక్క కారణం చూపలేం. రక్తనాళాలు త్వరగా గట్టిపడటం, బీపీ మందుల్లో కొన్ని, టెస్టోస్టెరాన్ తగ్గడం, నీరసం, డిప్రెషన్, అన్నీ కలుస్తాయి. స్టెరాయిడ్ల వల్ల ఉబ్బిన ముఖం, పొట్ట మీద చారలు, ఎదగని ఎత్తు పదహారేళ్ల అబ్బాయికి తన ఒంటిపై నమ్మకాన్ని తగ్గిస్తాయి. స్టెరాయిడ్ల వల్ల తుంటి ఎముకకు రక్తం అందక అరిగిపోతే నడక, కూర్చోవడమే కాదు, దాంపత్య జీవితమూ కష్టమవుతుంది. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. బీపీ మందు మార్చవచ్చు, తుంటి మార్పిడి చేయవచ్చు, డిప్రెషన్‌కు వైద్యం ఉంది. డాక్టరు దగ్గర నోరు విప్పకుండా వీర్యవృద్ధి చూర్ణాలను ఆశ్రయించడం ఈ రోగులకు ప్రత్యేకంగా ప్రమాదం. వాటిలో లేబుల్‌పై రాయని స్టెరాయిడ్లు, కిడ్నీలను దెబ్బతీసే లోహాలు ఉండే అవకాశం ఉంటుంది. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లతో మరో చిక్కు ఉంది. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే పిట్యూటరీ తన సంకేతాలు ఆపేస్తుంది, దాంతో వీర్యకణాల తయారీ ఇంకా పడిపోతుంది. సైక్లోఫాస్ఫమైడ్ నుంచి రక్షణగా టెస్టోస్టెరాన్ ఇవ్వడం పనిచేయదని అమెరికన్ మార్గదర్శకాలూ చెప్పాయి.

రక్షణ శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లలో హెచ్‌పీవీ వైరస్ వల్ల పులిపిర్లు, కొన్ని క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. ఈ వైరస్‌ను అడ్డుకునే టీకా అమ్మాయిలకే అన్న అభిప్రాయం మన దగ్గర బలంగా ఉంది. సీరమ్ సంస్థ తయారుచేసిన సర్వావాక్ టీకాకు 9 నుంచి 26 ఏళ్ల అబ్బాయిలకూ అనుమతి ఉంది. అందులో బతికున్న వైరస్ ఉండదు కాబట్టి లూపస్ రోగులకు ఇవ్వవచ్చు.

## ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువైతే

లూపస్ ఉన్న ప్రతి అబ్బాయిలోనూ వీర్యకణాల లోపానికి మందే కారణమని తేల్చేయడం కూడా పొరపాటే. కొందరు మగవాళ్లకు పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉంటుంది. దీన్ని క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అంటారు. వీళ్లలో వృషణాలు చిన్నవిగా ఉంటాయి, వీర్యకణాలు చాలావరకు ఉండవు. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో లూపస్ ఉన్న 213 మంది పురుషులను పరీక్షిస్తే ఐదుగురిలో ఇది కనిపించింది. సాధారణ జనంతో పోలిస్తే సుమారు 14 రెట్లు ఎక్కువ.

రక్షణ వ్యవస్థను ఉసిగొల్పే టీఎల్ఆర్7 లాంటి జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. రెండు ఎక్స్‌లు ఉన్నప్పుడు ఒకటి నిద్రాణమవుతుంది, కానీ ఈ జన్యువు కొన్ని కణాల్లో ఆ అణచివేతను తప్పించుకుంటుంది. లూపస్ స్త్రీలలో ఎందుకు ఎక్కువన్న ప్రశ్నకు దొరికిన ముఖ్యమైన సమాధానాల్లో ఇదొకటి. లూపస్ ఉన్న అబ్బాయి వృషణాలు వయసుకు తగ్గట్టు ఎదగకపోతే క్రోమోజోమ్ పరీక్ష ఒక్కసారి చేయించడం అందుకే సబబు.

## మొదటి డోసుకు ముందు దొరికే వ్యవధి

కిడ్నీ బయాప్సీ రిపోర్టు వచ్చి, పెద్ద మోతాదు సైక్లోఫాస్ఫమైడ్ అవసరమని తేలిన రోజు నుంచి మందు ఎక్కించే రోజు దాకా సాధారణంగా కొద్ది రోజులే ఉంటాయి. తీవ్రమైన కేసుల్లో ముందుగా మూడు రోజులు మిథైల్ ప్రెడ్నిసలోన్ సెలైన్‌లో ఎక్కించడం వాడుక. వీర్యం సేకరించడానికి ఈ మూడు రోజులే సరిపోవచ్చు. లూపస్ చికిత్స ఆలస్యం కానక్కర్లేదు. అదే ఆస్పత్రిలో స్పెర్మ్ బ్యాంక్ లేకపోయినా దగ్గర్లోని సంతాన సాఫల్య కేంద్రంతో మాట్లాడుకోవచ్చు.

యుక్తవయసు మధ్య దశకు చేరిన అబ్బాయి, చాలామందిలో 13, 14 ఏళ్లకే, వీర్యం ఇవ్వగలడు. హస్తప్రయోగం ద్వారానే సేకరిస్తారు కాబట్టి ఇంట్లో ఈ మాట ఎత్తడానికి ఇబ్బంది పడతారు. ఆ భారం తల్లిదండ్రుల మీద వేయకుండా డాక్టరో, కౌన్సెలరో అబ్బాయితో ఒంటరిగా, సూటిగా మాట్లాడటం మేలు. ఎందుకు అవసరమో చెబితే ఆ వయసు పిల్లలకు బాగానే అర్థమవుతుంది. ఇష్టం లేదంటే బలవంతం చేయకూడదు.

జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు ఇచ్చిన నమూనాలో కణాలు తక్కువగా ఉండటం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 కొలతల ప్రకారం ఒక మిల్లీలీటరులో 1.6 కోట్ల కణాలు కింది హద్దు. నమూనా దానికి చాలా దిగువన ఉన్నా పారేయనవసరం లేదు. 1992 నుంచి వాడుకలో ఉన్న ఇక్సీ పద్ధతిలో ఒక్కో అండంలోకి ఒక్క వీర్యకణాన్ని నేరుగా ఎక్కిస్తారు. అందువల్ల కొన్ని కణాలున్న నమూనా కూడా రేపటికి విలువైనదే. వీలైతే రెండు మూడు నమూనాలు ఇవ్వడం మంచిది. మొదటి డోసు పడ్డాక మాత్రం సేకరించకూడదు. అప్పుడు వచ్చే కణాల డీఎన్ఏపై మందు ప్రభావం ఉంటుంది.

మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంచిన వీర్యం ఏళ్లు గడిచినా పనికొస్తుంది. బ్రిటన్‌లో 17 ఏళ్ల వయసులో క్యాన్సర్ చికిత్సకు ముందు నిల్వ చేసుకున్న వ్యక్తికి, 21 ఏళ్ల తర్వాత ఆ నిల్వతోనే బిడ్డ పుట్టినట్టు 2004లో వైద్య పత్రికలో నమోదైంది.

యుక్తవయసు రాని పిల్లలకు ఈ దారి లేదు, నిల్వ చేయడానికి వీర్యకణాలే ఉండవు. వృషణ కణజాలంలో చిన్న ముక్క తీసి గడ్డకట్టించే పద్ధతి ఇంకా పరిశోధన దశలోనే ఉంది. 2019లో అలా నిల్వ చేసిన కణజాలంతో ఒక రీసస్ కోతి పిల్ల పుట్టింది. బ్రస్సెల్స్ వైద్యులు చిన్నప్పుడు నిల్వ చేసిన కణజాలాన్ని పెద్దయ్యాక అదే వ్యక్తికి తిరిగి అమర్చినట్టు 2025లో ప్రకటించారు. ఈ పిల్లలకు ప్రస్తుతానికి మందు ఎంపిక, మోతాదు తగ్గింపే రక్షణ.

## చట్టం, నిల్వ, కాగితాలు

మన దేశంలో స్పెర్మ్ బ్యాంకులు, సంతాన సాఫల్య కేంద్రాలు 2021 నాటి ఏఆర్‌టీ (సంతాన సాఫల్య పద్ధతుల) చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఈ చట్టం పురుషులకు సాయపడే సేవలకు 21 నుంచి 55 ఏళ్ల వయసు హద్దు పెట్టింది. దాత వీర్యాన్ని, పిండాలను పదేళ్లకు మించి నిల్వ చేయకూడదనీ చెప్పింది. 14 ఏళ్లప్పుడు నిల్వ చేసిన అబ్బాయికి పదేళ్లు నిండేసరికి 24 ఏళ్లే. కాబట్టి సొంత వాడకానికి దాచుకునే మైనర్ విషయంలో ఎవరి సంతకం కావాలి, ఎన్నేళ్లు ఉంచుతారు, ఏటా ఎంత కట్టాలి, 18 నిండాక హక్కు ఎవరి పేరుకు మారుతుంది అన్న సంగతులు ఆ సంతాన సాఫల్య కేంద్రం నుంచి రాతపూర్వకంగా తీసుకోవడం అవసరం. క్యాన్సర్ పిల్లల విషయంలో ఈ చర్చ కొంతైనా మొదలైంది. అవే మందులు పడే లూపస్ పిల్లలను అందులో చేర్చకపోవడానికి వైద్యపరంగా ఏ కారణమూ లేదు.

## ఇప్పటికే మందు పడిన యువకులు

అప్పట్లో ఎవరూ చెప్పలేదు, నిల్వ చేయలేదు అన్నవాళ్లే మన దగ్గర ఎక్కువ. వాళ్లు చేయించుకోవాల్సింది వీర్య పరీక్ష, ఎఫ్ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్. పెళ్లి సంబంధాలు చూసేదాకా ఆగకుండా, చికిత్స ముగిసిన ఏడాది రెండేళ్లకు ఒకసారి చేయించడం మంచిది. తక్కువ కణాలు కనిపిస్తే మూడు నెలలు ఆగి మళ్లీ చూడాలి. ఒక్క పరీక్షతో తేల్చేయకూడదు. కణాలు అసలు లేవన్న రిపోర్టు వచ్చినా కొందరిలో వృషణం లోపల అక్కడక్కడ తయారీ మిగిలి ఉంటుంది. మైక్రోస్కోప్ సాయంతో వాటిని వెతికి తీసే శస్త్రచికిత్స ఉంది, అందరికీ ఫలించదు. రిపోర్టులో సున్నా ఉందని గర్భనిరోధక జాగ్రత్త మానేయడమూ తప్పే, ఎందుకంటే మూలకణాలు కోలుకుంటే చెప్పకుండానే కణాలు తిరిగొస్తాయి.

పెళ్లి మాటలప్పుడు తరచూ వచ్చే మరో భయం, బిడ్డకు లూపస్ వస్తుందేమోనని. జన్యువుల వల్ల ముప్పు కొంత పెరుగుతుంది గానీ, లూపస్ ఉన్నవాళ్ల పిల్లల్లో అత్యధికులకు ఆ జబ్బు రాదు. పుట్టిన బిడ్డ గుండెకు ఇబ్బంది తెచ్చే నియోనేటల్ లూపస్ తల్లి రక్తంలోని యాంటీబాడీలు మాయ గుండా చేరడం వల్ల వస్తుంది. తండ్రి యాంటీబాడీలకు ఆ దారి లేదు.

పిల్లల డాక్టరు నుంచి పెద్దల రుమటాలజిస్ట్ దగ్గరికి మారేటప్పుడు పాత ఫైలు పోవడం చాలాసార్లు జరుగుతుంది. మొత్తం ఎన్ని గ్రాముల సైక్లోఫాస్ఫమైడ్ పడింది, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, అప్పటి బరువు, ఎత్తు ఎంత అన్న నాలుగు వివరాలు డిశ్చార్జ్ సమ్మరీలో రాయించుకుని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవాలి. పదేళ్ల తర్వాత సంతాన వైద్యుడు ముందుగా అడిగేవి అవే.